స్లాబ్ వారంలో పడుతుంది, కెమెరాలకు పైపులు ఎక్కడెక్కడ వేయించాలి?

గూడు_కడుతున్నా

నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. రెండంతస్తుల ఇల్లు కడుతున్నాం. కింది స్లాబ్‌కి సెంట్రింగ్ అయిపోవచ్చింది, ఇనుము కడుతున్నారు, వారంలో కాంక్రీటు. లైట్లకీ ఫ్యాన్లకీ పైపులు వేసేశారు. కెమెరాల సంగతి అడిగితే మా ఎలక్ట్రీషియన్ "ఇల్లయ్యాక వైఫై కెమెరాలు తగిలించుకోండి సార్, ఇప్పుడెందుకు ఈ గోల" అంటున్నాడు. మా బావమరిదేమో "త్రీ ప్లస్ వన్ వైరు ఇప్పుడే లాగించెయ్ బావా, పనైపోతుంది" అంటాడు.

నేను అనుకున్నవి ఆరు చోట్లు: గేటు, ముందు వసారా, కారు పెట్టే చోటు, రెండు పక్క సందులు, పెరటి తలుపు. వసారా గోడ నుంచి గేటుకి 9 మీటర్లు. రికార్డరు మెట్ల కింద అల్మారాలో పెడదామని ఆలోచన. ఏ వైరు, ఎన్ని పైపులు, బాక్సులు ఎంత ఎత్తులో? స్లాబ్ పడ్డాక ఇక చేయలేనివి ఏవో అవి ముందు చెప్పండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

తీగల_బావ

మామూలు వైఫై కెమెరా అంటే వైరే లేని కెమెరా కాదండీ, డేటా వైరు లేని కెమెరా. దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? గోడ బయట ప్లగ్గు పెట్టాలి, అడాప్టరు తడవకుండా డబ్బా బిగించాలి. ఎటూ ఒక పైపు అక్కడిదాకా రావాల్సిందే. అదే పైపులో కరెంటు వైరు బదులు నెట్‌వర్క్ కేబుల్ వస్తే కరెంటూ బొమ్మా రెండూ ఆ ఒక్క తీగ మీదే నడుస్తాయి. పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) అనేది అదే. బయట అడాప్టరు లేదు, ప్లగ్గు లేదు. లోపల ఆ తీగలన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్చుకు ఒక యూపీఎస్ పెడితే కెమెరాలన్నిటికీ బ్యాకప్ ఉన్నట్టే.

మీ ఎలక్ట్రీషియన్‌కి ఆరు పైపులు అదనపు పని. అందుకే ఆ మాట.

రాత్రిషిఫ్టు

బావగారూ, అందరూ వైఫైని తిట్టడం అలవాటైపోయింది. మా ఇంట్లో నాలుగు వైఫై కెమెరాలు మూడేళ్లుగా నడుస్తున్నాయి. రూటరు దగ్గర ఉంటే ఏ ఇబ్బందీ లేదు.

తీగల_బావ

మీది అద్దె ఇల్లు కదా? పాత చర్చలో చెప్పారు. అద్దె ఇంటికి నేనూ వైఫైయే పెట్టమంటాను, గోడ పగలగొట్టమనను కదా. ఈయనకు స్లాబ్ ఇంకా పడనే లేదు.

పాత_కెమెరా

బావమరిది మాటను తీసిపారేయకండి. త్రీ ప్లస్ వన్ అంటే ఒక కోయాక్సియల్ కేబుల్, దాంతో పాటు కరెంటుకి మూడు సన్న వైర్లు. డీవీఆర్ (అనలాగ్ కెమెరాల రికార్డరు) కాలంలో మేం లాగిందంతా అదే. ఇప్పటికీ పాత ఇళ్లలో ఆ తీగ మీదే హెచ్‌డీ అనలాగ్ కెమెరాలు బ్రహ్మాండంగా నడుస్తున్నాయి.

అయినా కొత్త ఇంటికి నేను క్యాట్6 రకం నెట్‌వర్క్ కేబులే అంటాను. క్యాట్6 వేశాక రేపు మనసు మారి అనలాగ్ పెట్టుకున్నా, రెండు చివర్లా బేలన్ అనే చిన్న జోడింపు ముక్క పెట్టి అదే తీగ మీద నడపొచ్చు. త్రీ ప్లస్ వన్ వేశాక ఐపీ కెమెరాకు, అంటే నెట్‌వర్క్ మీద నడిచేదానికి, మారాలంటే మధ్యలో కన్వర్టర్లు, మళ్లీ వాటికి కరెంటు. ఆ తంతు నేను పడ్డాను, మీకొద్దు.

నెట్‌పిచ్చి

కొందరు క్యాట్6 వేయించి, అందులోని నాలుగు జతల పోగుల్లో ఒక జత మీద 12 వోల్టులు పంపి "ఇదీ పీఓఈయే" అంటారు. ఆ మాయలో పడకండి. లెక్క చూడండి.

మామూలు 24 గేజ్ రాగి తీగకు మీటరుకు 0.084 ఓములు. కెమెరా 30 మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ 60 మీటర్లు, అంటే 5 ఓములు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగినప్పుడు కెమెరా అర ఆంపియరు లాగిందనుకోండి, 2.5 వోల్టులు దారిలోనే పోయాయి. చివర్లో మిగిలేది 9.5. పగలంతా బాగానే ఉంటుంది, చీకటి పడగానే కెమెరా ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది. ఇక దాని చుట్టూ నెలల తరబడి రిపేర్లు.

అసలు పీఓఈలో 48 వోల్టుల దరిదాపులో పంపుతారు. అదే 6 వాట్లకు 0.125 ఆంపియరు చాలు, పైగా రెండు జతల మీద వెళ్తుంది. పోయేది 0.3 వోల్టు. ఉందా లేదా అన్నట్టు.

ప్రమాణాల పేర్లు గుర్తుపెట్టుకోండి, స్విచ్ కొనేటప్పుడు పనికొస్తాయి. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్‌లో స్విచ్చు ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల దాకా ఇస్తుంది, కెమెరా దగ్గరికి 12.95 వాట్లు చేరతాయన్న లెక్క. 2009లో వచ్చిన 802.3ఏటీలో 30 వాట్లు. ఇంటి కెమెరాలకు మొదటిదే సరిపోతుంది. గుండ్రంగా తిరిగే పీటీజడ్ పెట్టాలనుంటే రెండోది. "పాసివ్ పీఓఈ" అని రాసి ఉంటే మాత్రం వదిలేయండి. అవతల ఏముందో అడక్కుండానే కరెంటు తోసేస్తుంది అది.

దూరం 100 మీటర్ల లోపు ఉండాలి. ఇంట్లో ఎంత చుట్టు తిప్పినా అంత రాదు.

గూడు_కడుతున్నా

నెట్‌పిచ్చి గారూ, ఓముల లెక్క మా ఎలక్ట్రీషియన్‌కి చూపించాను. కాసేపు చూసి "సరే సార్, పైపులు వేస్తాను" అన్నాడు. ఇప్పుడు పైపుల సంగతి చెప్పండి. రేపు మధ్యాహ్నం లోపు చెప్తే పుణ్యం ఉంటుంది.

సివిల్_అక్క

ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి, మిగతావాళ్లంతా తీగల మనుషులు. స్లాబ్‌లో పైపు పెట్టడం అంటే కాంక్రీటులో కావాలని ఒక బొంద వదలడమే. అది గుర్తుంచుకుని వేయించండి.

పైపు బయటి మందం స్లాబ్ మందంలో మూడో వంతు దాటకూడదు. 25 మిల్లీమీటర్ల పైపుతో మీకు ఆ బాధ లేదు. బాధ ఎక్కడంటే, పైపులు ఒకదాని మీద ఒకటి దాటే చోట. 125 మిల్లీమీటర్ల స్లాబ్‌లో రెండు 25లు అడ్డంగా పడితే 50 పోయింది. మీ లైట్ల పైపులు ముందే పరిచేశారు కాబట్టి కొత్తవి వాటిని ఎక్కడ దాటుతున్నాయో దగ్గరుండి చూడండి. మూడోది అదే చోట దాటనివ్వకండి.

పైపులన్నీ మెట్ల కింద అల్మారా వైపే వస్తాయి కదా, అక్కడ కట్టెల మోపులా ఒకదానికొకటి అంటించి కడతారు. అలా కట్టనివ్వొద్దు. కేంద్రం నుంచి కేంద్రానికి పైపు మందానికి మూడింతలు ఎడం ఉండాలి, లేకపోతే వాటి మధ్య కాంక్రీటు దిగదు, తేనెపట్టులా లోపల ఖాళీలు పడతాయి. స్తంభం తలకాయలోంచి, దూలం స్తంభం కలిసే చోట నుంచి పైపు పోనివ్వకండి. ఎలక్ట్రీషియన్‌కి అది దగ్గరి దారిగా కనిపిస్తుంది, ఇంటికి అది గుండెకాయ.

పైపులు కింది ఇనుముకీ పై ఇనుముకీ మధ్యలో ఉండాలి. సెంట్రింగ్ రేకు మీద ఆనితే రేపు సీలింగ్‌లో గీతలా పగులు వస్తుంది. మీటరుకొకచోట బైండింగ్ వైరుతో కట్టించండి. వైబ్రేటరు పెట్టగానే కట్టని పైపు లేచిపోతుంది, జాయింటు ఊడుతుంది. జాయింట్లన్నిటికీ జిగురు పెట్టి తీరాలి, ఊరికే దూర్చి వదిలేయడం కుదరదు. చివర్లు మూతపెట్టి టేపు చుట్టాలి. కాగితం కుక్కడం మూత కాదు.

వంపుల విషయం. ఎల్బో వద్దు, స్ప్రింగ్ పెట్టి వంచిన పెద్ద బెండు కావాలి. ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సు మధ్య రెండు బెండ్లకు మించితే మధ్యలో ఒక లాగుడు బాక్సు పెట్టించండి.

కాంక్రీటు పోసే రోజు ఎలక్ట్రీషియన్ మనిషి ఒకడు స్లాబ్ మీద నిలబడి ఉండాలి. తొక్కుతారు, విరుగుతాయి, అప్పటికప్పుడు సరిచేయాలి. ఆ రోజు రానంటే వేరే మనిషిని చూసుకోండి, నిజంగానే చెప్తున్నా.

మూడోఅంతస్తు

అక్క చెప్పింది అక్షరాలా నిజం. మా ఇంటికి ఎనిమిది పైపులు వేశాం. స్లాబ్ అయ్యాక రెండు మూసుకుపోయాయి. ఒకదానిలో సిమెంటు పాలు దిగి గడ్డకట్టింది. రెండోదాంట్లో ఏముందో ఈరోజుకీ తెలియదు, తీగ లాగడానికి దూర్చే స్ప్రింగ్ నాలుగు మీటర్లు వెళ్లి ఆగిపోతుంది. ఆ రెండూ తప్ప మిగతా ఆరూ పనికిరాని చోట్లకు వెళ్లేవే.

తీగల_బావ

అందుకే ముఖ్యమైన చోటికి రెండు పైపులు రెండు దారుల్లో వేస్తాను నేను. గేటు వైపు, ముందు తలుపు వైపు. మిగతావాటికి ఒక్కోటి చాలు.

పైపులో ఎన్ని తీగలు పడతాయంటే, క్యాట్6 మందం 6 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. పైపు లోపలి ఖాళీలో 40 శాతానికి మించి నింపకూడదు. ఆ లెక్కన 25 పైపులో అయిదు వరకూ దూరతాయి, బెండ్లు ఉంటే మూడు నాలుగు దగ్గర ఆగండి. 20 పైపులో రెండు. ప్రతి చోటికీ రెండు తీగలు లాగండి. ఒకటి కెమెరాకు, ఒకటి ఊరికే. ఊరికే లాగిందే ఏదో ఒకరోజు కాపాడుతుంది.

కరెంటు వైర్లున్న పైపులో కెమెరా తీగ దూర్చనే కూడదు. "ఖాళీ ఉంది కదా సార్" అంటారు, వినకండి. అది సిగ్నల్ పాడవడం గురించి మాత్రమే కాదు. లోపల ఎక్కడో ఇన్సులేషన్ చెడితే ఇంటి కరెంటు మొత్తం కెమెరా తీగలోకి, అక్కడి నుంచి మీరు పట్టుకునే రికార్డరులోకి వస్తుంది. పక్కపక్కన నడవాల్సి వస్తే జానెడు ఎడం ఉంచండి, దాటాల్సి వస్తే నిలువుకి అడ్డంగా దాటించండి.

నెట్‌పిచ్చి

ఒక్కో కెమెరా తీగా నేరుగా అల్మారాకే రావాలి. మధ్యలో ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు గొలుసు కట్టడాలు వద్దు. లైట్ల వైరింగ్ అలవాటున్నవాళ్లు అలాగే చేసేస్తారు.

గూడు_కడుతున్నా

అక్కగారి పోస్టు ప్రింటు తీసి సైటులో గోడకు అంటించాను. మేస్త్రి చదివి "ఎవరండీ ఈవిడ" అని అడిగాడు.

ఎత్తు ఎంత? ఎలక్ట్రీషియన్ అన్నీ సజ్జ మీద, దాదాపు 4 మీటర్ల ఎత్తులో పెడదామంటున్నాడు. చేతికి అందకుండా ఉంటుందట.

పాత_కెమెరా

చేతికి అందదు, ముఖమూ అందదు. 4 మీటర్ల పైనుంచి చూస్తే టోపీలూ బట్టతలలూ కనిపిస్తాయి. పోలీసులకు ఆ వీడియో చూపిస్తే వాళ్లు మీ వంక చూస్తారు.

కెమెరా 2.7 మీటర్ల ఎత్తులో ఉండి మనిషి 3 మీటర్ల దూరంలో ఉన్నాడనుకోండి, ముఖం మీదకు చూపు 20 డిగ్రీల వాలులో పడుతుంది. కళ్లూ ముక్కూ తెలుస్తాయి. అదే 5 మీటర్ల ఎత్తు నుంచయితే 48 డిగ్రీలు. ముఖాలు కావాల్సిన చోట 2.5 నుంచి 3 మీటర్ల మధ్య ఉంచండి. మొత్తం ఆవరణ చూడ్డానికి ఒకటి పైన పెట్టుకోండి, తప్పులేదు. రెండు పనులూ ఒకే కెమెరా చేయాలనుకోవడమే తప్పు.

నెట్‌పిచ్చి

దీనికి కొలత ఉంది. ఐఈసీ 62676-4 అని 2014 నాటి ప్రమాణం. దాని ప్రకారం ఎవరో తెలియని మనిషి ముఖాన్ని నిర్ధారించాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలి. తెలిసినవాణ్ణి గుర్తుపట్టడానికి 125 చాలు. ఎవరో ఉన్నారని తెలియడానికి 25.

మీ గేటుకి అన్వయించి చూద్దాం. 4 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ అడ్డంగా 2560 పిక్సెళ్లు. 250తో భాగిస్తే 10 మీటర్ల చిల్లర. అంటే ఆ కెమెరా 10 మీటర్ల వెడల్పు చూస్తున్నంతవరకే ముఖాలు తేలతాయి. అంగడిలో డీఫాల్టుగా ఇచ్చే 2.8 మిల్లీమీటర్ల లెన్సు 100 డిగ్రీల చుట్టుపక్కల చూస్తుంది, అది 4 మీటర్ల చిల్లర దూరానికే 10 మీటర్ల వెడల్పైపోతుంది. మీ గేటు 9 మీటర్లు. అక్కడికి చేరేసరికి మీటరుకు 120 పిక్సెళ్లే మిగులుతాయి. మీ మేనల్లుడైతే గుర్తుపడతారు, దొంగయితే పట్టలేరు.

కాబట్టి రెండు దారులు. గేటు స్తంభం దగ్గరికే ఒక పైపు తీసుకెళ్లడం, లేదా వసారా గోడ మీదే 6 మిల్లీమీటర్ల లెన్సు కెమెరా గేటుకేసి పెట్టడం. 6 మిల్లీమీటర్లది 50 డిగ్రీలే చూస్తుంది గానీ 10 మీటర్ల దాకా ముఖం నిలుస్తుంది.

రాత్రిషిఫ్టు

ఇదంతా పగటి లెక్క. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో నడిచే మనిషి చెదిరిపోతాడు, ఎన్ని పిక్సెళ్లున్నా. నేను రాత్రులు పనిచేసేవాణ్ణి, రోజూ తెల్లవారుజామున నా కెమెరాలో నేనే దెయ్యంలా కనిపిస్తాను. గేటు దగ్గరా వసారాలోనూ ఒక మామూలు దీపం వెలిగేలా పాయింటు పెట్టించుకోండి. దానికి పైపు కూడా ఇప్పుడే కదా వేయాలి.

తీగల_బావ

వైఫై మనిషి మంచి మాట చెప్పాడు, ఒప్పుకుంటున్నా.

దానికి తోడు, బాక్సు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేముందు ఆ చోట నిచ్చెన వేసి ఫోను కెమెరాతో ఫొటో తీయండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎండ ఎదురుగా కొట్టే చోట ఏ కెమెరా అయినా సగం తెల్లబోతుంది. సజ్జ కింద పెడితే సజ్జకీ పక్క గోడకీ అంటకుండా కాస్త ఎడం ఉంచండి. లేకపోతే రాత్రి ఇన్‌ఫ్రారెడ్ ఆ గోడ మీద పడి తిరిగి కళ్లలోకే కొడుతుంది, గోడ తెల్లగా వెలుగుతుంది, మిగతాదంతా నలుపు. ఆ దీపాలకు పురుగులు, పురుగులకు సాలీడు. సాలెగూడు తుడవడం నెలకోసారి పని, దానికి ఏ స్టాండర్డూ లేదు.

సివిల్_అక్క

బాక్సు అంటే లోపల చిన్న స్విచ్ బాక్సు కాదు. కెమెరా వెనక తోకలా వచ్చే తీగకు పెద్ద సాకెట్టు ఉంటుంది, అది బాక్సులోనే పట్టాలి, మూత కెమెరా పీటతో కప్పబడాలి. అరచేయి వెడల్పు, 6 సెంటీమీటర్లకు తగ్గని లోతు పెట్టించండి. బయటి గోడలోంచి వచ్చే పైపు బయటివైపుకి కొద్దిగా వాలుగా ఉండాలి. లోపలికి వాలితే వాన నీళ్లు నేరుగా మీ అల్మారాలోకి. నేను చూశాను అలాంటి అల్మారా.

గూడు_కడుతున్నా

గేటు స్తంభం దాకా నేలలోంచి పైపు వేద్దామనుకుంటున్నాను. బెల్లు, మాట్లాడే పరికరం కూడా అక్కడే కదా. రేపు గేటుకి మోటారు పెట్టినా పనికొస్తుంది.

నెట్‌పిచ్చి

వేయండి, కానీ రెండు జాగ్రత్తలు. నేలలో వేసిన పైపులోకి ఎప్పటికైనా నీళ్లు చేరతాయి, ఎంత బిగించినా. లోపల వాడే మామూలు క్యాట్6 ఆ నీళ్లలో కొన్నాళ్లకే చెడుతుంది. పాలిథిలీన్ తొడుగున్న బయటి రకం, వీలైతే లోపల జెల్ నింపింది వాడండి. మోటారు కరెంటుకి వేరే పైపు, ఇది వేరే పైపు.

రెండోది పిడుగు. ఎక్కడో దూరంగా పడ్డా నేలలో వోల్టేజీ అలలా పాకుతుంది. గేటుకీ ఇంటికీ మధ్య రాగి తీగ ఉంటే అది దారి చూపిస్తుంది. నా ఓటు ఫైబరుకి. గాజుపోగులో కరెంటు నడవదు.

తీగల_బావ

9 మీటర్లకు ఫైబరా! ఫైబరు వేస్తే గేటు దగ్గర కెమెరాకు కరెంటు ఎవరిస్తారు? మళ్లీ అక్కడికి కరెంటు వైరు, కన్వర్టరు, అడాప్టరు, తడవని డబ్బా. మొదట్లో దేన్ని వద్దన్నామో అదే మళ్లీ తెచ్చారు. రాగి వేసి, లోపలికి వచ్చే చోట సర్జ్ ప్రొటెక్టరు (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని నేలలోకి పంపేది) పెట్టి దాన్ని ఎర్తింగ్‌కి కట్టండి. చాలు.

నెట్‌పిచ్చి

ఎర్తింగ్ సరిగ్గా ఉంటే చాలు. ఎర్తింగ్ లేని సర్జ్ ప్రొటెక్టరు గోడకు కొట్టిన మేకుతో సమానం. వేరుగా కట్టిన షెడ్డో, దూరంగా ఉన్న గదో అయితే నా మాట మారదు, ఫైబరే.

తీగల_బావ

షెడ్డుకి ఒప్పుకుంటా. గేటుకి ఒప్పుకోను.

పాత_కెమెరా

గేటు పైపులో రెండూ పడతాయి కదయ్యా, పైపు వేయించనివ్వండి ముందు. తీగ రేపు మార్చుకుంటాడు. పైపు మార్చుకోలేడు.

మూడోఅంతస్తు

మెట్ల కింద అల్మారా గురించి ఒక మాట. మేమూ అక్కడే పెట్టాం. తలుపు వేస్తే వేడికి హార్డ్‌డిస్కు రెండో వేసవికే మొరాయించింది. తలుపుకి పైనా కిందా గాలి కంతలు పెట్టించండి. ఇంకొకటి, ముందు తలుపు తీయగానే ఎదురుగా కనిపించే అల్మారాలో రికార్డరు పెడితే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు. పై అంతస్తులో ఒక మూల పెట్టి తాళం వేసుకుంటే మేలు.

నెట్‌పిచ్చి

రికార్డరు ఎక్కడ పెట్టినా అక్కడికి ఇవి చేరాలి: కెమెరా పైపులన్నీ, విడి సర్క్యూట్ మీద కనీసం రెండు ప్లగ్గులు, ఇంటర్నెట్ లైను బయటి నుంచి వచ్చే పైపు. ఈ చివరిది అందరూ మర్చిపోతారు. తర్వాత ఫైబరు వాడు వచ్చి హాలు కిటికీ చట్రానికి కన్నం పెడతాడు. రెండంతస్తుల్లోనూ సీలింగ్ మధ్యలో వైఫై యాక్సెస్ పాయింటుకి ఒక్కో పైపు కూడా ఇప్పుడే వేయించండి. అదీ పీఓఈ మీదే నడుస్తుంది.

స్విచ్ కొనేటప్పుడు పోర్టుల సంఖ్య చూసి మోసపోకండి, మొత్తం వాట్ల బడ్జెట్ చూడండి. ఎనిమిది పోర్టులుండి మొత్తం 60 వాట్లే ఇచ్చే రకం ఉంటుంది. పగలు సరిపోతుంది, రాత్రి అన్ని కెమెరాల దీపాలూ ఒకేసారి వెలిగితే ఎవరో ఒకరు ఆరిపోతారు.

డిస్కు లెక్క: ఆరు కెమెరాలు ఒక్కోటి సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు దాదాపు 260 జీబీ. 4 టీబీ డిస్కులో 15 రోజులు నిలుస్తుంది.

గూడు_కడుతున్నా

అయితే అల్మారా పైకి మారుస్తాను. పై గది మూల, మెట్ల పక్కన. కింది పైపులన్నీ గోడలోంచి పైకి వెళ్లాలన్నమాట. నిలువు పైపులు పెద్దవి రెండు పెట్టిస్తా.

తీగ కొనేటప్పుడు ఏం చూడాలి? ఒకేలా కనిపించే రెండు పెట్టెల్లో ఒకటి చాలా తేలిగ్గా ఉంది.

తీగల_బావ

తేలిగ్గా ఉన్నది ముట్టుకోకండి. అది సీసీఏ, అంటే అల్యూమినియం తీగకు పైన రాగి పూత. నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా, వేడెక్కుతుంది, రెండుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. బ్లేడుతో తీగను గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే వెనక్కిచ్చేయండి. పూర్తి రాగి, ఒంటి పోగు, 23 లేదా 24 గేజ్. మెత్తటి అల్లిక పోగుల తీగ చిన్న ప్యాచ్ కార్డులకే, గోడల్లోకి కాదు.

దీనికంటే ఒక మెట్టు పైదైన క్యాట్6ఏ అని ఎవరైనా ఊదరగొడితే నవ్వి ఊరుకోండి. ఇంటి కెమెరాల్లో ఎక్కువ భాగం 100 మెగాబిట్లకే మాట్లాడతాయి. ఒక మెట్టు కిందిదైన క్యాట్5ఈ కూడా చాలు అసలు. క్యాట్6 ఎందుకంటే తీగ కొంచెం లావు.

లాగేటప్పుడు 11 కిలోల బలానికి మించి గుంజకూడదు. అంటే ఒక మనిషి చేత్తో మామూలుగా లాగినంత. ఇద్దరు పట్టుకుని కాలు గోడకు తన్ని లాగుతుంటే ఆపించండి, లోపల జతల మెలికలు సాగిపోతాయి. ప్లాస్టరింగ్ అయ్యాకే లాగండి. కెమెరా చివర ఒక అడుగు, అల్మారా చివర రెండు మీటర్లు వదలండి. పేర్లు రెండు చివర్లా, కొసకు కాస్త లోపలగా అంటించండి. కొసనే అంటిస్తే కనెక్టరు వేసేటప్పుడు పేరు కూడా కత్తిరించేస్తారు. మా కుర్రాడు ఒకసారి పదహారు తీగలకు అలా చేశాడు, ఆ సాయంత్రం ఎలా గడిచిందో అడక్కండి.

నెట్‌పిచ్చి

ఎనిమిది దీపాలు వరసగా వెలిగే టెస్టరుతో "బాగుంది" అనిపించుకుని పంపించేయకండి. అది తీగ తెగలేదని మాత్రమే చెప్తుంది. జతలు తారుమారైతే, అంటే ఒక జతలో పోగు ఇంకో జతతో కలిస్తే, దీపాలు వెలుగుతాయి, బొమ్మ మాత్రం ముక్కలవుతుంది. రంగుల వరస రెండు చివర్లా ఒకే పద్ధతి, టీ568బీ అయితే అటూ ఇటూ అదే. ప్లాస్టర్ పూత మీద రంగు పడకముందే ఒక కెమెరా తీసుకెళ్లి ప్రతి తీగకూ తగిలించి బొమ్మ చూడండి.

ఆన్ చేసిన రోజే పాస్‌వర్డులు మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాలనూ డీవీఆర్‌లనూ పట్టుకుంది. పెద్ద తెలివేం చూపలేదది, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు ఒక్కొక్కటే కొట్టి చూసిందంతే.

సివిల్_అక్క

సందుల్లో పెట్టే కెమెరాలు పక్కింటి కిటికీల్లోకి చూడకుండా తిప్పించుకోండి. తప్పనిసరైతే రికార్డరులో ఆ భాగం నల్లగా కప్పే వీలుంటుంది, పక్కింటివాళ్లకు చూపించి మరీ కప్పండి.

గూడు_కడుతున్నా

(పన్నెండు రోజుల తర్వాత)

స్లాబ్ పడింది. కాంక్రీటుకి ముందు ప్రతి పైపు పక్కనా టేపు పరిచి, గోడ మూల నుంచి ఎంత దూరమో కనిపించేలా ఫొటోలు తీశాను, 84 ఉన్నాయి. పోసే రోజు ఎలక్ట్రీషియన్ తనే వచ్చి నిలబడ్డాడు. ఒకచోట జాయింటు ఊడింది, వెంటనే సరిచేశాడు. అల్మారా పైకి మారింది. గేటుకి రెండు పైపులు.

సెంట్రింగ్ ఇంకా విప్పలేదు గానీ బయటికి కనిపించే చివర్లలోంచి స్ప్రింగ్ దూర్చి చూశాం. పది పైపుల్లో తొమ్మిది సాఫీగా వెళ్లాయి. పెరటి తలుపుది మాత్రం ఆరో మీటరు దగ్గర ఆగుతోంది. నీళ్లు పోసి చూడమంటున్నాడు ఎలక్ట్రీషియన్.

సివిల్_అక్క

నీళ్లు కాదు, గాలి. కంప్రెసరుతో ఒక చివర నుంచి కొట్టి ఇంకో చివర చెయ్యి పెట్టి చూడండి. గాలి వస్తే మూసుకుపోలేదు, బెండు దగ్గర స్ప్రింగ్ తల తట్టుకుంటోంది. అవతలి వైపు నుంచి దూర్చండి. సన్నటి నైలాన్ తాడుకి దూది ముడి కట్టి గాలితో తోసినా వెళ్తుంది. గాలి రాకపోతే స్లాబ్ జోలికి వెళ్లకండి. గోడలు ప్లాస్టరింగ్ కాలేదు కదా, సజ్జ కింద నుంచి గోడలో గాడి కొట్టి పక్క సందు బాక్సులో కలపండి. అక్కడ 25 పైపుందిగా.

గూడు_కడుతున్నా

గాలి వచ్చింది అక్కా! అవతలి నుంచి దూర్చితే ఒక్క దెబ్బకి వెళ్లిపోయింది. పదింట్లోనూ నైలాన్ తాళ్లు వేసి చివర్లు ముడేశాం.

మా బావమరిది త్రీ ప్లస్ వన్ చుట్ట ఒకటి ముందే కొనేశాడట. దాన్నేం చేయమంటారు?

పాత_కెమెరా

నాకు పంపండి.